చేర్యాల గుడ్డతో గ్రామఫోన్ బాకా

సికింద్రాబాద్ నుంచి కాజీపేటకు పోయే రైలు దారిలో పెంబర్తి, జనగామ, రఘునాథపల్లి దాటాక స్టేషన్ ఘన్‌పూర్ వస్తుంది. ఈ దారి మీది పెంబర్తికి ఇత్తడి రేకు పని పేరు తెచ్చింది. జనగామలో దిగి సిద్దిపేట రోడ్డు పడితే చేర్యాల. అక్కడి నకాషీ కళాకారులు కుల పురాణాలు చెప్పే పటాలు గీస్తారు, మాస్కులు, బొమ్మలు చేస్తారు. ఒకటి లోహపు విద్య, ఇంకొకటి గుడ్డ, గంజి, చింతగింజల జిగురు కలిసిన విద్య. కరెంటు అక్కర్లేకుండా పాత గ్రామఫోన్‌కు గొంతునిచ్చే బాకాను ఈ రెండు చేతుల్లో ఏ చేయి బాగా చేయగలదని అడిగితే, ఎవరైనా పెంబర్తి వైపే చూపిస్తారు. గ్రామఫోన్ బొమ్మ ఎక్కడ చూసినా మెరిసే ఇత్తడి పువ్వే కనబడుతుంది కాబట్టి ఆ జవాబు సహజం. నేను మాత్రం చేర్యాల అంటాను. బాకా పని ఏమిటో సరిగా అర్థమైతే దానికి కావలసినది సరైన వంపు, మోగని గోడ అని తేలుతుంది. ఆ రెండూ గుడ్డ పొరల్లో సులువుగా కుదురుతాయి.

బాకా శబ్దాన్ని పెంచుతుందనే మాట సగమే నిజం. ముల్లు గాడిలో నడుస్తూ కదిపే అభ్రకం రేకు వెడల్పు సుమారు 5 సెంటీమీటర్లు. అంత చిన్న రేకు ముందుకు వచ్చినప్పుడు ఎదుటి గాలి నొక్కుకోకుండా పక్కలకు జారిపోతుంది. రేకు కదిలినా గదిలోని గాలి కదలదు. అదే రేకు ముందు సన్నని గొట్టం ఉంటే, అందులో చిక్కిన గాలికి పక్కలకు పోయే దారి లేదు. అది ఎదురు నిలుస్తుంది, రేకు దాన్ని నిజంగానే నెట్టాల్సి వస్తుంది. ఆ తోపుడు మెల్లమెల్లగా విచ్చుకునే దారిలో ముందుకు పోయి, పెద్ద మూతి దగ్గర గది గాలిని పట్టుకుంటుంది. ఇందులో బాకా కొత్తగా కలిపే శక్తి ఏమీ లేదు. శక్తంతా చావి తిప్పిన చేతిది, బిగిసిన స్ప్రింగుది. వృథాగా పోయే కదలికను పనిలో పెట్టడమే బాకా చేసే మేలు. ఇలాంటి ఇబ్బందినే మన వాద్యకారులు గ్రామఫోన్ కంటే ఎన్నో శతాబ్దాల ముందే ఎదుర్కొన్నారు. కిన్నెర తీగ ఎంత బలంగా మీటినా సన్నగా గాలిని కోసుకుపోతుందే తప్ప కదిలించలేదు. అందుకే వెదురు దండె కింద ఎండు సొరకాయ బుర్రలు కట్టారు. ఘన్‌పూర్‌కు దక్షిణాన ఉన్న పాలకుర్తి వాడిగా చెప్పుకునే పాల్కురికి సోమనాథుడు బసవపురాణంలో కిన్నెర వాయించే కిన్నర బ్రహ్మయ్య కథ చెప్పాడు.

అయితే బుర్ర, బాకా ఒకటే అనుకోకూడదు. బుర్రలోని గాలికి సొంత స్వరాలుంటాయి. తీగ పలికే స్వరం వాటికి దగ్గరగా వస్తే ఎక్కువగా, దూరమైతే తక్కువగా పలుకుతుంది. కిన్నెరకు అది లోపం కాదు, ఆ వాద్యం గుణమే అది. గ్రామఫోన్‌కు మాత్రం అదే పెద్ద లోపం. ఫోన్‌ను స్టీలు చెంబులో పెట్టి పాట వినేవారికి ఇది అనుభవమే: శబ్దం పెరుగుతుంది, కానీ ఏదో ఒక స్వరం దగ్గర చెంబు తన సొంత గొంతు కలుపుతుంది, గాయకుడి గొంతు డబ్బాలో పడిపోతుంది. జాతరలో ఊదే కొమ్ము కూడా అంతే. పెదవుల అదురుకు కొమ్ములోని గాలి కొన్ని స్వరాల దగ్గర గట్టిగా బదులు పలకాలి, లేకపోతే అది పలకనే పలకదు. కొమ్ము, గ్రామఫోన్ బాకా చూపుకు అన్నదమ్ముల్లా ఉన్నా కోరుకునేవి ఎదురెదురు. కొమ్ముకు తన స్వరం కావాలి. బాకాకు తన స్వరం అంటూ ఉండకూడదు. ఇత్తడే మేలనే వాదన నా దృష్టిలో ఇక్కడే బలహీనపడుతుంది. కొమ్ముకు మేలైన లోహం బాకాకూ మేలని అనుకోవడం ఆ పోలికలో పుట్టిన పొరపాటు.

గ్రామఫోన్ తయారుచేసిన కంపెనీలకు కూడా ఈ సంగతి ఒక్కరోజులో తెలియలేదు. ఎమిల్ బెర్లినర్ 1887లో పళ్లెం రికార్డుకు పేటెంట్ కోరాడు. తొలి యంత్రాల్లో బాకా నేరుగా అభ్రకం రేకు ఉండే సౌండ్ బాక్సుకే తగిలించి ఉండేది. దాని బరువు ముల్లు మీద పడేది, రికార్డు మీద ముల్లు ఎటు నడిస్తే బాకా అటు నడిచేది. 1903 ప్రాంతంలో సౌండ్ బాక్సును బాకాతో కలిపే బోలు చేయి, అంటే టోన్ ఆర్మ్, వచ్చాక ఆ బరువు తప్పింది. పైగా టోన్ ఆర్మ్‌నే క్రమంగా వెడల్పయ్యేలా చేయడంతో బాకా మొదలు సౌండ్ బాక్సు దగ్గరికే జరిగింది. 1906లో విక్టర్ కంపెనీ బాకాను చెక్కపెట్టెలో దాచి అమ్మింది. అది ఇంటి అలంకరణకు కలిసివచ్చిన మార్పు, శబ్దానికి కాదు. వంపు లెక్క గ్రామఫోన్‌లోకి వచ్చింది 1925లో. వెస్టర్న్ ఎలక్ట్రిక్ ఇంజనీర్లు మాక్స్‌ఫీల్డ్, హారిసన్ టెలిఫోన్ తీగల గణితాన్ని గ్రామఫోన్‌కు వర్తింపజేశారు. బాకా వైశాల్యం సమాన దూరాల్లో సమాన రెట్లు పెరగాలని, అప్పుడే గాలి ఎక్కడా వెనక్కి తిరగకుండా సాగుతుందని ఆ పని ఆచరణలో చూపింది. అంతకుముందు చాలా బాకాలు దాదాపు తిన్నని శంకువులు, చివర్లో మాత్రం అందానికి విప్పిన రేకులు.

ఆ లెక్క వినడానికి భయపెట్టినా, చేతిపనిలోకి దిగితే చాలా సులువు. 250 హెర్ట్జ్ దాకా, అంటే హార్మోనియం మధ్య సప్తకం మొదలయ్యే చోటు దాకా, దిగగల బాకా కావాలనుకుందాం. బాకా సన్నగా మొదలయ్యే చోటు, అంటే గొంతు, వ్యాసం 2 సెంటీమీటర్లు. అక్కడి నుంచి ప్రతి 15 సెంటీమీటర్లకు వ్యాసం రెట్టింపు కావాలి: 15 దగ్గర 4, 30 దగ్గర 8, 45 దగ్గర 16, 60 దగ్గర 32. మూతి 44 సెంటీమీటర్లు అయ్యేసరికి పొడవు 67 అవుతుంది. మూతి ఎక్కడ ఆపాలన్నది కూడా ఇష్టం కాదు. మూతి చుట్టుకొలత అత్యంత తక్కువ స్వరపు తరంగం పొడవుకు సమానం కావాలి, లేకపోతే మూతి దగ్గరే శబ్దం కొంత వెనక్కి మళ్లి బాకా మోగడం మొదలుపెడుతుంది. 150 హెర్ట్జ్ దాకా దిగాలంటే మూతి 73 సెంటీమీటర్లు, పొడవు 130కి పైన అవుతాయి. ఇంట్లో పెట్టుకోవడానికి అది భారమే. కాబట్టి మొదటి ప్రయత్నానికి 250 చాలు. అచ్చు కోసం దళసరి అట్టను 8 రేకులుగా కత్తిరించాలి. ఏ చోట ఎంత వ్యాసమో దాన్ని 3.14తో హెచ్చించి 8తో భాగిస్తే అక్కడ రేకు వెడల్పు వస్తుంది: గొంతు దగ్గర 0.8, 30 దగ్గర 3.1, 60 దగ్గర 12.6, మూతి దగ్గర 17.3 సెంటీమీటర్లు. తొందరలో తప్పిపోయే సంగతి ఒకటుంది. మూతి దగ్గర గోడ 45 డిగ్రీలు విచ్చుకుంటుంది కాబట్టి వంపు వెంట కొలిస్తే రేకు పొడవు 67 కాదు, 72 దాటుతుంది. ఆ 5 సెంటీమీటర్ల అదనంలో చాలా భాగం చివరి జానెడులోనే కలపాలి. అక్కడ పొదుపు చేస్తే వంపు పోయి శంకువు మిగులుతుంది.

ఇక ఆ అచ్చు మీద దేనితో గోడ కట్టాలన్నది అసలు ప్రశ్న. గోడ బిగువుగా ఉండాలి, వేలితో తడితే మోగకూడదు. పలుచని ఇత్తడి రేకు బిగువుగానే ఉంటుంది కానీ మోగుతుంది. మోగకుండా మందం పెంచితే బరువు, ధర పెరుగుతాయి. ఈ సమస్యను లండన్‌లో ఇ.ఎం.జి. అనే చిన్న సంస్థ 1920ల చివర్లో, 30లలో కాగితపు పొరలతో తీర్చింది. కాగితాన్ని జిగురుతో పొరలు పొరలుగా అచ్చు మీద అంటించి, మూతి రెండడుగులు దాటిన బాకాలు చేసింది. కరెంటు లేని గ్రామఫోన్లలో అత్యుత్తమమైనవిగా సేకర్తలు ఈనాటికీ లెక్కించేవి అవే. చేర్యాలలో పటానికి గుడ్డను సిద్ధం చేసే పద్ధతి దీనికి చాలా దగ్గర. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, ఉడికించిన చింతగింజల జిగురు, చెట్టు బంక కలిపిన పూతను ఒకదాని మీద ఒకటిగా పట్టించి ఆరబెడతారు. ఆరిన గుడ్డ మడత పడదు, నున్నగా రంగు పట్టడానికి తయారవుతుంది. మాస్కులకైతే రంపపు పొట్టు, చింతగింజల జిగురు కలిపిన ముద్దను కొబ్బరి చిప్ప మీద మలుస్తారు. గుడ్డ నారలు బిగువునిస్తాయి, సుద్ద బరువునిస్తుంది, జిగురు, పొట్టు అదురును తమలోనే అణిచేస్తాయి. బాకా గోడకు కావలసిన మూడు గుణాలూ ఒకే ఊరి వంటపాత్రల్లో సిద్ధంగా ఉన్నాయి. అట్ట అచ్చు మీద మూడు నాలుగు పొరల గుడ్డ, మధ్యలో ఒక పలుచని పొట్టు ముద్ద, మూతి వంగిపోకుండా మేదరివాళ్లు కట్టే వెదురు చుట్టు ఒకటి: ఇంతే. లోపలి గోడను నున్నగా రుద్దాలి. బయట నకాషీ రంగులతో ఏ కథ గీసినా శబ్దానికి ఇబ్బంది లేదు.

పెంబర్తి చేతికి ఇందులో పని లేదని కాదు. బాకా గొంతు టోన్ ఆర్మ్‌తో కలిసే మెడ కచ్చితంగా లోహంలోనే ఉండాలి. అక్కడ వెంట్రుకవాసి సందున్నా గాలి కారిపోయి కింది స్వరాలు పోతాయి. ఆ మెడను రేకు పనివారిలా ఇంకెవరూ బిగించలేరు. కలిసిన చోట కాస్త తేనెమైనం రాస్తే సందు పూర్తిగా మూసుకుపోతుంది. కిన్నెర మెట్లను దండెకు నిలబెట్టేదీ ఆ మైనమే.

గుడ్డ వానాకాలంలో తేమ పీలుస్తుంది, జిగురుకు పురుగు పడుతుంది అనే అభ్యంతరం న్యాయమైనదే. రెండు వైపులా లక్క వార్నిష్ పూత తప్పనిసరి, ఎండకూ చెమ్మకూ దూరంగా ఉంచడమూ తప్పనిసరి. కానీ కాగితంతో చేసిన ఇ.ఎం.జి. బాకాలు తొంభై ఏళ్లు దాటినా ఇంగ్లండు చెమ్మలో నిలిచి పలుకుతున్నాయి. ఇంతకంటే గట్టి అభ్యంతరం శబ్ద నాణ్యత గురించి: ఏ బాకా అయినా కింది స్వరాలు కోసేస్తుంది, స్పీకరు ముందు ఇది ఎందుకు నిలుస్తుంది? కొత్త పాటల విషయంలో ఇది పూర్తిగా నిజం. 1925కు ముందు చేసిన రికార్డుల విషయంలో కాదు. అప్పుడు మైకు లేదు. గాయకుడు పెద్ద బాకా మూతిలోకి పాడితే, అదే గాలి తోపుడు సూదిని కదిపి మైనంలో గాడి గీసేది. అలా పట్టుబడిన శబ్దం సుమారు 250 నుంచి 2500 హెర్ట్జ్ మధ్యే. ఆ రికార్డులో లేని కింది స్వరాన్ని ఏ స్పీకరూ తిరిగి తేలేదు, ఉన్నదాన్ని 250 హెర్ట్జ్ బాకా దాదాపు పూర్తిగా వినిపిస్తుంది. బాకా లోపలికి పాడిన గొంతును బాకా బయటికి పలికించడంలో ఒక కొలత కుదురుతుంది. తెలుగువారికి ఇది మరీ ముఖ్యం. మైకు లేని నాటకశాలలో చివరి వరుసకు వినబడేలా రాగం తీయడం నేర్చిన పద్యనాటక గాయకుల గొంతు ఆ రికార్డింగు పద్ధతికి సరిగ్గా సరిపోయింది. కపిలవాయి రామనాథశాస్త్రి వంటివారు రంగస్థలం మీద ఎంత పేరు పొందారో రికార్డుల్లోనూ అంత పొందారు. ఆ పద్యాన్ని కంప్యూటరులో శుభ్రం చేసి హెడ్‌ఫోన్‌లో వింటే మాటలు స్పష్టంగా ఉంటాయి. బాకా ముందు వింటే ఆ గొంతు గదిని ఎలా నింపేదో, పదిమంది కలిసి వినడానికి ఎలా సరిపోయేదో తెలుస్తుంది. ఈ రెండో వినికిడి కూడా చరిత్రలో భాగమేనని, దాన్ని కూడా కాపాడుకోవాలని నేను గట్టిగా నమ్ముతాను.

ముల్లు రికార్డును అరగదీస్తుందనే మాటకు మాత్రం నా దగ్గర ఎదురుమాట లేదు, జాగ్రత్తే ఉంది. వంద గ్రాములకు పైబడిన సౌండ్ బాక్సు ఉక్కు ముల్లు మీద నిలబడి తిరుగుతుంది కాబట్టి ప్రతిసారీ కొంత గాడి పోతుంది. అందుకే అరుదైన ప్రతిని తేలికైన ఎలక్ట్రిక్ పికప్‌తో ఒకసారి డిజిటల్‌గా ఎక్కించి భద్రం చేయాలి. బాకా ముందుకు రావలసింది పదిచోట్ల దొరికే మామూలు ప్రతి. ముల్లును ఒక వైపు వాయించగానే మార్చేయాలి. తర్వాతి కాలపు వినైల్ ఎల్‌పీని ఈ యంత్రం మీద ఎన్నడూ పెట్టకూడదు, ఒక్కసారికే గాడి పాడైపోతుంది. మంచి వంపున్న బాకా ఇక్కడ పరోక్షంగా మేలు చేస్తుంది: శబ్దం చాలడం లేదని మందపు ముల్లు పెట్టే అవసరం తగ్గి, మెత్తగా పలికే సన్నని ముల్లుతో సరిపెట్టుకోవచ్చు.

అలంకారానికి అమ్మే నకిలీ గ్రామఫోన్లు మన దగ్గర ఎక్కడ పడితే అక్కడ దొరుకుతాయి. వాటి బాకాలు మెరుస్తాయి, వంపు ఉండదు, మెడ దగ్గర గాలి కారుతుంది. గ్రామఫోన్ అంటే కీచుమనే యంత్రమని కొత్తతరం అనుకోవడానికి ఇవే కారణం. చేర్యాల విద్యను ఈ దారిలోకి తెస్తే అది కూడా ఇంకో అలంకార వస్తువై మిగులుతుందన్న భయం నాకూ ఉంది. దాన్ని తప్పించే మార్గం ఒకటే: కొలతకు లొంగని బాకాను బాకాగా అమ్మకపోవడం. ఇక ఇత్తడా గుడ్డా అన్న నా వాదనను తేల్చే పరీక్ష ఖరీదైనది కాదు. పైన చెప్పిన 44 సెంటీమీటర్ల మూతితో, ఒకే వంపుతో రెండు బాకాలు చేయించాలి, ఒకటి పెంబర్తి రేకుతో, ఒకటి చేర్యాల గుడ్డతో. ఒకే సౌండ్ బాక్సు, ఒకే రికార్డు, ఒకే గది, కొత్త ముల్లు. రెండు అడుగుల దూరంలో మైకు పెట్టి రెండింటినీ రికార్డు చేసి, ఏ స్వరం దగ్గర ఏది పొంగిందో పక్కపక్కన గీసి చూడాలి. గుడ్డ బాకా గీత సమంగా రాకపోతే నా మాట వెనక్కి తీసుకుంటాను.