ఐదు సెకన్ల సంతకం

ఒక్క ప్రశ్నకు పది సర్వర్లు కలిసి జవాబు వెతికే చోట, ఆ పదీ ఒకదాన్నొకటి ఎలా గుర్తుపట్టాలి? ఈ పనికోసం అపాచీ సోలర్ అనే సెర్చ్ సాఫ్ట్‌వేర్‌లో ఒక చిన్న ప్లగిన్ ఉంది. 2015లో 5.3 వెర్షన్‌తో వచ్చింది. దాని కోడ్ చదివినప్పుడల్లా, రాసిన చేతి మీద నాకు గౌరవం పెరుగుతూనే ఉంటుంది.

సోలర్‌ను 2004లో సీనెట్ సంస్థలో యోనిక్ సీలీ మొదలుపెట్టాడు. 2006లో అపాచీకి చేరింది. 2012 నాటి 4.0 వెర్షన్‌తో ఇండెక్స్‌ను షార్డ్‌లనే ముక్కలుగా విడగొట్టి, ఏ సర్వర్లు పనిలో ఉన్నాయో లెక్క ఉంచే జూకీపర్ పర్యవేక్షణలో చాలా సర్వర్లకు పంచడం కుదిరింది. ప్రశ్న ఒక సర్వర్‌కు చేరితే, అది మిగతావాటిని అడిగి ఫలితాలను కలిపి ఇస్తుంది. చిక్కు అక్కడే ఉంది. బయటి మనిషి పాస్‌వర్డ్ చెప్పి లోపలికొచ్చాడు సరే, లోపల సర్వర్ సర్వర్‌ను అడిగేటప్పుడు ఏం చూపించాలి? అతని పాస్‌వర్డే చేతులు మారుతూ పోతే ఎక్కడో ఒకచోట జారుతుంది. అన్నిటికీ ఒకే రహస్యపదం ఇస్తే, ఒక్క మిషన్ దొంగల పాలైతే చాలు, క్లస్టర్ మొత్తం వాళ్ల చేతికి వెళ్తుంది.

ఈ ప్లగిన్ ఆ రెండు దారులూ తొక్కదు. మామూలుగా ప్రతి సర్వర్ లేస్తూనే తనకంటూ ప్రైవేట్, పబ్లిక్ అనే ఒక కీల జత తయారుచేసుకుంటుంది. ప్రైవేట్ కీ దాని మెమరీ దాటి బయటికి రాదు. పక్క సర్వర్‌కు పంపే అభ్యర్థన మీద తన నోడ్ పేరు, అసలు అడిగినవారి యూజర్ పేరు, ఆ క్షణపు టైమ్ రాసి పంపుతుంది. మొదట్లో యూజర్ పేరునూ టైమ్‌నూ ప్రైవేట్ కీతో ఎన్‌క్రిప్ట్ చేసి పంపేవారు. తొమ్మిదో తరం వెర్షన్లలో అది అసలైన ఆర్‌ఎస్‌ఏ సంతకమైంది. మంచి మార్పు.

అందుకున్న సర్వర్ చేసే పని చూడండి. బ్యాంకులో అయితే నమూనా సంతకం ముందే దాచి ఉంటుంది. ఇక్కడ అలాంటిదేమీ లేదు. వచ్చినవాణ్నే నీ నమూనా ఇవ్వమని అడగాలి. మరి నమ్మడమెలా? ముందు జూకీపర్ దగ్గరి హాజరుపట్టీలో ఆ నోడ్ పేరు ఉందో లేదో చూస్తుంది. లేకపోతే మాటే లేదు. ఉంటే, హాజరుపట్టీలోని ఆ పేరే చిరునామా కూడా కాబట్టి, అక్కడికే తిరిగి వెళ్లి పబ్లిక్ కీ తెచ్చుకుని సంతకం సరిచూస్తుంది. ఎవడో ఆ పేరు వాడుకున్నా, కీ మాత్రం అసలు ఇంటినుంచే వస్తుంది. ఈ ఒక్క ఆలోచన కోసమే ఈ వ్యాసం రాశాను.

టైమ్ రాసేది ఊరికే కాదు. మామూలుగా సంతకం పాతబడి 5 సెకన్లు దాటితే చెల్లదు. కాబట్టి సర్వర్ల గడియారాలు కలిసి నడవాల్సిందే. అభ్యర్థనలోని సరుకు మీద మాత్రం సంతకం లేదు కనుక, దారిలో దాన్ని కాపాడే టీఎల్‌ఎస్ ఎన్‌క్రిప్షన్ లేకుండా దీన్ని నడపడం నాకు నచ్చదు. యూజర్ పేరు వెంట రావడంలోనూ ఒక మర్యాద ఉంది. అవతలి సర్వర్ ఆ పేరుకున్న అనుమతులను మళ్లీ తానే పరిశీలిస్తుంది. సర్వర్ తన సొంత పనిమీద వస్తే పేరు స్థానంలో ఒక డాలర్ గుర్తు ఉంటుంది.

ఇంత పనితనంలోనూ ఒక సందు మిగిలింది. పబ్లిక్ కీ అడిగే చిరునామాకు కాపలా ఉండకూడదు, లేకపోతే ఈ పద్ధతే నడవదు. అభ్యర్థన చివర ఆ చిరునామాలా కనిపించే తోక తగిలిస్తే కాపలా దాటిపోవచ్చని, ఆ తోక ఆ తర్వాతే తెగిపోతుందని 2024లో బయటపడింది. 5.3 నుంచీ ఉన్న లోపమది. 8.11.4, 9.7.0 వెర్షన్లలో సరిచేశారు. తొమ్మిదేళ్లు ఎవరికీ కనపడలేదంటే, తెరిచి ఉంచక తప్పని తలుపు ఎంత ప్రమాదమో తెలుస్తుంది.

నాకు ఇష్టమైన చోటు ఇంకొకటి ఉంది. ఒక సర్వర్ ఆగి మళ్లీ లేచిందనుకోండి, దాని కీలు మారిపోతాయి. పక్క సర్వర్లు అంతకుముందు తెచ్చి దాచుకున్న పాత కీతో కొత్త సంతకం కలవదు. అప్పుడు ఈ కోడ్ వచ్చినవాణ్ని వెంటనే దొంగ అనదు. ఇంకొక్కసారి ఆ చిరునామాకు వెళ్లి, కొత్త కీ తెచ్చుకుని, మళ్లీ సరిచూస్తుంది. అప్పటికీ కలవకపోతేనే తలుపు వేస్తుంది.