చర్మ క్యాన్సర్ – అయస్కాంత నానోకణాలు: ఒక విమర్శనాత్మక పరిశీలన

అయస్కాంత నానోకణాలు చర్మ క్యాన్సర్‌ను గుర్తిస్తాయి, నయం చేస్తాయి అనే రెండు ప్రతిపాదనలు పరిశోధన వ్యాసాలలో జంటగా కనిపిస్తాయి. వాటి ఆధారాలు మాత్రం సమానం కావు.

మెలనోమా మొదట చేరే లింఫ్ గ్రంథిని గుర్తించడానికి సాధారణంగా రేడియోధార్మిక టెక్నీషియం-99ఎమ్ వాడతారు. దాని అర్ధాయువు 6 గంటలే. అణువైద్య విభాగానికి దూరమైన ఆసుపత్రికి అది సులభంగా అందదు. కణితి చుట్టూ ఎక్కించిన ఐరన్ ఆక్సైడ్ కణాలను మాగ్నెటోమీటరుతో పసిగట్టే పద్ధతి ఈ లోటును తీర్చగలదు. దీనిపై రోగులలో పరీక్షలు జరిగాయి. అయితే ఉక్కు పనిముట్లు సంకేతాన్ని చెదరగొడతాయి. శరీరంలో మిగిలిన ఇనుము తరువాతి ఎం.ఆర్.ఐ. చిత్రాలను పాడుచేయవచ్చు.

చికిత్స సంగతి వేరు. ఏకాంతర అయస్కాంత క్షేత్రంలో కణాలను వేడెక్కించి లింఫ్ గ్రంథులలోని క్యాన్సర్‌ను నశింపజేయాలన్న ఆలోచనను గిల్‌క్రిస్ట్ బృందం 1957లోనే ప్రకటించింది. ఐరోపాలో 2010లో అనుమతి పొందిన చికిత్స మెదడు కణితులది. మెలనోమా విషయంలో ఆధారాలు ప్రధానంగా కణవర్ధనాలు, ఎలుకల ప్రయోగాలే. కణితిలోకి ఎక్కించిన కణాలు ఆ చోటునే వేడిచేస్తాయి. మెలనోమా ప్రాణాంతకమయ్యేది వ్యాపించినప్పుడు. రక్తంలోకి పంపితే అధికభాగం కాలేయం, ప్లీహాలలో చిక్కుకుంటుంది.

'థెరనాస్టిక్స్' అన్న ఒక్క పేరు ఈ అంతరాన్ని కప్పివేస్తున్నది. నిర్ధారణ సంపాదించిన విశ్వసనీయతను చికిత్సకు అరువివ్వడం శాస్త్రం కాదు. రోగి ఆశతో చెలగాటం.