హోషేయ ప్రవచనంలో ప్రేమ, విమోచన: సరిహద్దు పాఠకుల కోసం ఒక పరిశీలన

హెబ్రీ ప్రవక్తల గ్రంథాలను మన వాళ్లు ఎక్కువగా ఆరాధన కోసమే చదువుతారు. సాహిత్య విమర్శలో వాటికి దక్కిన చోటు తక్కువ. దేవుడు తన ప్రజలను ప్రేమించి విడిపించుకోవడం ఆ గ్రంథాలలోని ప్రధాన వస్తువు. ఈ వస్తువును తెలుగు, కన్నడం రెండూ వినిపించే చోట నిలబడి చదివితే ఏమి తెలుస్తుందో చూడటమే ఈ వ్యాసం ఉద్దేశం. రాయచూరు నుంచి మంత్రాలయం వెళ్లే దారిలోని యరగేర అటువంటి చోటు. అక్కడి విశ్వవిద్యాలయ ప్రాంగణంలో చదివే తెలుగు విద్యార్థికి ఇంట్లో ఒక మాట, బజారులో ఒక మాట అలవాటే. ఆ అలవాటే ఈ చదువుకు పనికివస్తుందని మా అభిప్రాయం.

హోషేయ క్రీస్తుపూర్వం 8వ శతాబ్దిలో ఉత్తర ఇశ్రాయేలు రాజ్యంలో ప్రవచించాడు. క్రీస్తుపూర్వం 722 ప్రాంతంలో సమరయ అష్షూరు సైన్యానికి లొంగిపోవడంతో ఆ రాజ్యం అంతరించింది. గ్రంథంలోని కథ చిన్నది. ప్రవక్త గోమెరు అనే స్త్రీని పెళ్లాడతాడు. ఆమె అతణ్ణి విడిచి ఇతరుల వెంట పోతుంది. పుట్టిన పిల్లలలో ఇద్దరికి పెట్టిన పేర్లు భయంకరమైనవి. లోరూహామా అంటే జాలికి నోచుకోనిది, లోఅమ్మీ అంటే నా ప్రజ కానివాడు. తరువాత ప్రవక్త ఒక స్త్రీని డబ్బిచ్చి కొని ఇంటికి తెచ్చుకుంటాడు. ఆమె గోమెరే అని ఎక్కువమంది వ్యాఖ్యాతల అభిప్రాయం. పిల్లల పేర్లలోని ‘లో’ అనే నిషేధం తొలగిపోతుంది. ఈ సంసార కథ దేవునికీ ఇశ్రాయేలు ప్రజకూ మధ్య నడిచిన కథకు ప్రతిరూపం.

మొదట ఒక మాటను పరిశీలిద్దాం. రెండవ అధ్యాయంలో దేవుడు తన ప్రజతో, ఇకపై నన్ను ‘బాలీ’ అనవు, ‘ఈషీ’ అంటావు అని చెబుతాడు. హెబ్రీలో రెండింటికీ భర్త అనే అర్థం ఉంది. కాని ‘బాల్’ అంటే సొంతదారు, యజమాని. ‘ఈష్’ అంటే మనిషి, మగడు. పైగా బాల్ కనాను దేశపు దేవత పేరు కూడా. తెలుగు బైబిలులో ఆ దేవత ‘బయలు’ అయింది. ఆ రూపం చూసిన తెలుగు పాఠకునికి ఆరుబయలు తోస్తుంది, వచనాలు చదివిన కన్నడ పాఠకునికి శూన్యం తోస్తుంది. యజమాని అనే అర్థం ఇద్దరికీ అందదు. శ్లేష అక్కడే పోయింది.

అయితే పోయిన ఆ శ్లేషను తిరిగి తెచ్చుకునే సాధనం సరిహద్దు విద్యార్థి నోటిలోనే ఉంది. కన్నడ గృహిణి భర్తను గౌరవంగా ‘నమ్మ యజమానరు’ అంటుంది. మామూలు మాట ‘గండ’. తెలుగులో మగడు, పెనిమిటి ఉన్నాయి. యజమానరు అనే పిలుపు నుంచి మగడు అనే పిలుపుకు రావడమే హోషేయ చెప్పిన మార్పు. ఆస్తికీ సొంతదారుకూ ఉండే సంబంధం ఆలుమగల సంబంధంగా మారాలని దేవుడే కోరుతున్నాడు.

ఇక విమోచన. హెబ్రీలో దీనికి ముఖ్యంగా రెండు ధాతువులున్నాయి. ‘పాదా’ అంటే వెల చెల్లించి విడిపించడం. ‘గాల్’ అంటే రక్తబంధువు తన వాళ్ల భూమినో మనిషినో విడిపించుకోవడం. అప్పులపాలై అమ్ముడుపోయిన బంధువును, చేయి జారిన పొలాన్ని దగ్గరివాడు విడిపించాలని లేవీయకాండం 25వ అధ్యాయం నియమం పెట్టింది. యిర్మీయా 32వ అధ్యాయంలో దీనికి చక్కని ఉదాహరణ ఉంది. బబులోను సేన యెరూషలేమును ముట్టడించి ఉండగా, ప్రవక్త తన పినతండ్రి కొడుకు హనమేలు వద్ద అనాతోతులోని పొలాన్ని 17 షెకెలుల వెండికి కొంటాడు. పత్రం రాయించి, సాక్షులను పెట్టి, ముద్ర వేయించి, మట్టికుండలో భద్రం చేయిస్తాడు. దేశమే పోతున్నప్పుడు పొలం కొనడం వెర్రిగా కనిపిస్తుంది. మళ్లీ ఇక్కడ క్రయవిక్రయాలు జరుగుతాయన్న నమ్మకానికి ఆ పత్రమే సాక్ష్యం.

‘విమోచన’ అనే సంస్కృత పదం వినగానే మనకు మోక్షం, పాపవిముక్తి గుర్తుకు వస్తాయి. హెబ్రీ మాటలో ఉన్న పొలం, అప్పు, చుట్టరికం అందులో వినిపించవు. తాకట్టు విడిపించుకోవడం అనే మన మాట మూలానికి దగ్గరగా ఉంటుంది. అప్పు కింద జీతానికి కుదిరిన మనిషిని విడిపించడమంటే ఏమిటో ఈ ప్రాంతపు పల్లెలకు పుస్తకాలు చెప్పనక్కరలేదు. వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది 1976లో. హోషేయ మూడవ అధ్యాయంలో చెల్లించిన వెల 15 షెకెలుల వెండి, ఒకటిన్నర హోమెరుల యవలు. నిర్గమకాండంలో ఎద్దు పొడిచి చంపిన బానిసకు కట్టిన వెల 30 షెకెలులు. హోషేయ ఇచ్చిన వెండి అందులో సగం. మిగతా సగానికి యవలు సరిపెట్టాడని కొందరు వ్యాఖ్యాతల లెక్క. ఈ ప్రేమకు లెక్క కట్టిన వెల ఉంది.

మన భక్తి సాహిత్యంతో పోల్చినప్పుడు తేడా స్పష్టమవుతుంది. క్షేత్రయ్య పదాలలో తరచు తప్పు నాయకునిది. మరొకరి ఇంటినుంచి వచ్చిన మువ్వగోపాలుణ్ణి నాయిక నిలదీస్తుంది. హోషేయలో మోసపోయినవాడు దేవుడు. పాల్కురికి సోమనాథుని బసవపురాణంలో, శివునికి తల్లి లేదని దుఃఖించి బెజ్జమహాదేవి తానే తల్లి అవుతుంది. ఆ పురాణాన్ని భీమకవి 1369లో కన్నడం చేశాడు గనుక ఈ కథ రెండు భాషలదీ. హోషేయ 11వ అధ్యాయంలో మాత్రం దేవుడే పసివానికి నడక నేర్పిన కన్నవాడు. మన కవులు భక్తుని హృదయాన్ని తెరిచి చూపారు. హోషేయ దేవుని హృదయాన్ని తెరిచాడు. శిక్షించాలనుకున్న దేవుడు తన మనసే అడ్డురాగా ఆగిపోవడం అందులో గొప్ప ఘట్టం.

అంతమాత్రాన ఈ గ్రంథాన్ని ప్రశ్నించకుండా మెచ్చుకోలేము. గోమెరు ఒక్క మాట కూడా మాట్లాడదు. రెండవ అధ్యాయంలో ప్రేమ మాటలకు ముందు భార్యను వివస్త్రను చేస్తాననీ, దాహంతో చంపుతాననీ బెదిరింపులున్నాయి. కొట్టి తరువాత లాలించే మగవాని తీరు ఇందులో ఉందని స్త్రీవాద విమర్శకులు చెప్పారు. రెనీటా వీమ్స్ 1995లో ఇటువంటి రూపకాలపై ఒక పుస్తకమే ప్రచురించింది. రాయచూరు సీమలో ఈ ప్రశ్న మరింత పదునెక్కుతుంది. దేవునికి పెళ్లి చేశామని చెప్పి ఆడపిల్లను ఊరికి అప్పగించిన ఆచారం ఇక్కడిది. దేవదాసి, బసివి, జోగిని అని పేర్లు మారాయి. కర్ణాటకలో 1982లో, ఆంధ్రప్రదేశ్‌లో 1988లో నిషేధ చట్టాలు చేయవలసి వచ్చింది. అటువంటి కుటుంబంనుంచి వచ్చిన విద్యార్థిని ముందు ‘దేవుని భార్య’ అనే రూపకాన్ని తేలికగా వ్యాఖ్యానించలేము. హోషేయ దేవుడు ‘యజమాని’ అన్న పిలుపును తానే వదులుకున్నాడని చెప్పవచ్చు. అది గట్టి సమాధానమే. కాని గోమెరు మౌనాన్ని అది పూరించదు.

యెషయా 54వ అధ్యాయాన్ని దీని పక్కన పెట్టి చదవడం మంచిది. అక్కడా దేవుడు భర్తే, విమోచకుడే. కాని క్షణకాలం భార్యను విడిచిపెట్టినది తానేనని ఒప్పుకొంటాడు. ప్రవాసం అనుభవించిన తరువాత అదే రూపకం మెత్తబడిందని మాకు తోస్తుంది.

పిల్లల పేర్ల సంగతి ఇంకా మిగిలింది. ‘నా ప్రజ కానివారు’ ప్రజ కావడం అనే మాటను కొత్త నిబంధనలో పౌలు, పేతురు పత్రికలు అందిపుచ్చుకున్నాయి. 1981లో బెంగుళూరులో అరవింద్ నిర్మల్ చేసిన ప్రసంగంతో ఊపందుకున్న దళిత క్రైస్తవ చింతనలో దానికి కొత్త బలం వచ్చింది. ఊరి వెలుపల నిలబెట్టబడినవారికి ‘ప్రజ’ అన్న పేరు అలంకారం కాదు, హక్కు. లోఅమ్మీ అన్న పేరునుంచి నిషేధం తొలగడంలో విమోచన మొత్తం ఇమిడి ఉంది.

విద్యార్థులకు మా సూచన ఒక్కటే. హోషేయ రెండు, మూడు, పదకొండు అధ్యాయాలను తెలుగు, కన్నడ బైబిళ్లలో పక్కపక్కన పెట్టుకుని చదవండి. కన్నడ బైబిలు 1831లో వెలువడింది. దానికోసం శ్రమించిన జాన్ హ్యాండ్స్ పొరుగునే ఉన్న బళ్లారిలో పనిచేసినవాడు. ఒక అనువాదంలో మరుగుపడిన అర్థం రెండవదానిలో దొరకవచ్చు. రెండింటిలోనూ దొరకనిచోట మీ ఇంటి మాటను అడగండి.