బురద ఊరి లెక్కలో మన వాగు

'కంప్యూటర్ సైన్స్ అన్‌ప్లగ్డ్' అనే పుస్తకం న్యూజిలాండ్ నుంచి వచ్చింది. టిమ్ బెల్, ఇయాన్ విటెన్, మైక్ ఫెలోస్ రాశారు. అట్టముక్కలు, సుద్దగీతలు, ఆటలతో కంప్యూటర్ లేకుండానే కంప్యూటర్ సైన్స్ నేర్పే పుస్తకం. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని ఆశ్రమ పాఠశాలల్లో పనిచేసే మాబోటి పంతుళ్ళకు అక్కరకొచ్చేదే. మౌస్ పట్టుకుని బొమ్మకు రంగు వేయడమే కంప్యూటర్ చదువు అనుకునే బడులకు దీని అవసరం ఇంకా ఎక్కువ.

అయినా ఉన్నది ఉన్నట్టు దించుకోవడానికి మేము ఒప్పుకోం.

అందులో బురద ఊరి పాఠం ఒకటుంది. ఆ ఊళ్ళో రోడ్లు లేవు. ప్రతి ఇంటికీ దారి చేరాలి, రాళ్ళు మాత్రం వీలైనంత తక్కువ పరచాలి. అన్నిటికన్నా చిన్న దారితో మొదలుపెట్టి, అప్పటికే కలిసిన ఇళ్ళను మళ్ళీ కలపకుండా పోతే జవాబు వస్తుంది. 10 ఇళ్ళకు 9 దారులు చాలు. తీగలు లాగేవాళ్ళకూ పనికొచ్చే లెక్క. మేము దీన్ని నేలమీద గీసి, ఇళ్ళకు బదులు చుట్టుపక్కల గూడేల పేర్లు పెట్టాం. వెనక వరుసలోంచి ఒక పిల్ల అడిగింది: "సారూ, వాగొస్తే?"

ఆ 9 దారుల్లో ఏ ఒక్కటి తెగినా ఊరు రెండు ముక్కలే. ఖర్చే సర్వస్వమని రచయితలు అనలేదు గానీ, ఆటలో గెలిచేది తక్కువ రాళ్ళు పరిచినవాళ్ళే. వానాకాలంలో తెగిపోయే గూడెం ఆ గెలుపులో కనబడదు. ఏ ఒక్క దారి తెగినా అందరూ కలిసే ఉండాలంటే ఇంకెన్ని రాళ్ళు కావాలి? ఇదీ కంప్యూటర్ సైన్స్ ప్రశ్నే. మన బడుల్లో పాఠం ఇక్కడినుంచే మొదలుపెట్టాలి.

చుక్కల అట్టల పాఠమూ అంతే. 1, 2, 4, 8, 16 చుక్కలున్న 5 అట్టలతో 31 దాకా లెక్కపెట్టవచ్చు, ఇంగ్లీషు 26 అక్షరాలకూ సరిపోతాయి. మరి మనవి? యూనికోడ్‌లో తెలుగు 'అ' అంకె 3077. దానికి 12 అట్టలు కావాలి. మా ఆదిలాబాద్ గుంజాలలో వెలుగు చూసిన గోండి లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. అందులో 'అ' అంకె 73056. దానికి 17 మంది పిల్లలు వరుసగా నిలబడాలి, 7 మంది అట్టలు తిప్పి చూపాలి. (65536 చుక్కలు ఎవరూ గీయలేరు, అంకె రాస్తే చాలు.) తాతల అక్షరం మిషన్‌లోకి ఎలా వెళ్ళిందో పిల్లలకు అప్పుడు తెలుస్తుంది.

ఇక ఈ పుస్తకం చూపించి "మిషన్లే అక్కర్లేదట కదా" అనేవాళ్ళు ఉంటారు. వాళ్ళ మాట వినకండి. 2020 జాతీయ విద్యా విధానం మధ్య తరగతుల నుంచే కోడింగ్ నేర్పమంది. తను రాసిన వరుసను పిల్ల మిషన్‌కు ఇచ్చి, అది తప్పుగా నడిస్తే ఎక్కడ తప్పిందో వెతికి దిద్దుకోవాలి. మిషన్ ఊహించుకోదు, రాసింది రాసినట్టే చేస్తుంది. ఆ అనుభవం అట్టల వల్ల కాదు. బురద ఊరి ఆట ఆడిన వారంలోనే కంప్యూటర్ గది తాళంచెవి పంతులు చేతికి రావాలి.