రాతిపొడిలో పద్యం

మార్కాపురం పేరు చెబితే తెలుగువాళ్లకు మొదట గుర్తొచ్చేది పలక. నల్లమల అంచున పొరలు పొరలుగా పరుచుకున్న ఆ రాతి వరసకు భూగర్భ శాస్త్రజ్ఞులు ఇక్కడి ఊరి పేరే పెట్టారు, కంభం ఫార్మేషన్ అని. పొర చూసి ఉలి ఆనించి దెబ్బ సరిగ్గా వేస్తే రాయి రేకులుగా విడిపోతుంది. ఆ గుణం వల్లే అది బడిపిల్లల ఒళ్లోకి చేరింది. పలకరాయికి ఇంకో బతుకు కూడా ఉండేది. మన తాతల కాలం గ్రామఫోను ప్లేటులో సగానికి మించి రాతిపొడే. పలకరాయినో సున్నపురాయినో పిండి చేసి, లక్కతో కలిపి, నలుపుకు మసి, గట్టిదనానికి కాస్త దూది చేర్చి, వేడి మీద ఒత్తితే ప్లేటు అయ్యేది. కపిలవాయి రామనాథశాస్త్రి రంగస్థల పద్యాలు, ఘంటసాల పాడిన కరుణశ్రీ ‘పుష్పవిలాపం’ అలాంటి రాతిపొడి మీదే ఊరూరా తిరిగాయి.

ఆ ప్లేటు పనితనం దగ్గరగా చూస్తేనే, ఇవాళ అదే పాటను సీడీ మీదా కొత్త ఎల్పీ మీదా తెచ్చి అమ్మేవాళ్లు ఎక్కడ చెడగొడుతున్నారో తెలుస్తుంది. పాత ప్లేట్లు పోగుచేసేవాళ్లు ఆ కొత్త ముద్రణలు విని ఎందుకంత బాధపడతారో కూడా తెలుస్తుంది.

మొదట మైనపు బిళ్ల. మందంగా, అద్దంలా నున్నగా ఉండాలి. కోతసూది దాని మీద చుట్టలు చుట్టలుగా గాడి తీస్తుంటే గాయకుడు పాడాలి. 1925 దాకా రికార్డింగుకు మైక్రోఫోను లేదు. పెద్ద బాకా ముందు నిలబడి పాడితే ఆ గొంతు బలమే సూదిని కదిపేది. గొంతు తగ్గితే గాడి నిస్సారంగా పడుతుంది. రంగస్థల నటులు రికార్డుల్లో అంత బాగా నిలబడటానికి ఇదొక కారణం: మైకు లేకుండా వెనక వరసదాకా వినిపించడం వాళ్లకు అప్పటికే అలవాటు. ఎక్కడైనా తప్పితే దిద్దే దారి లేదు, ఆ మైనం పక్కన పెట్టి కొత్త బిళ్ల మీద మళ్లీ మొదలుపెట్టాల్సిందే. కోత పూర్తయ్యాక మైనానికి రాగి పట్టించి ఒలిస్తే గాడి ఉబ్బెత్తుగా తేలిన అచ్చు వస్తుంది. దాన్నుంచి తల్లి అచ్చు, తల్లి నుంచి ప్లేట్లు ఒత్తే అచ్చు. 1908లో కలకత్తా సియాల్దాలో ఫ్యాక్టరీ వచ్చేదాకా మన దేశంలో తీసిన రికార్డింగులు ఓడెక్కి జర్మనీలోని హానోవర్‌కు వెళ్లి, అక్కడ ప్లేట్లయి తిరిగి వచ్చేవి. మన భాష రాని అక్కడి పనివాళ్లు ఏ బిళ్ల ఎవరిదో పోల్చుకోవడానికని పాట చివర గాయకులు తమ పేరు పైకి చెప్పేవారు.

చేతిలోకి తీసుకుంటే ప్లేటు అడ్డం 10 అంగుళాలు, బరువు పావు కిలోకు కాస్త తక్కువ. ఒక్కో వైపు మూడు నిమిషాలకు అటూ ఇటూ. లేబులు కాగితం ప్లేటుతో పాటే ఒత్తిడికి లోపలికి దిగి ఉంటుంది, అందుకే ఇన్నేళ్లయినా ఊడదు. లేబులు పక్కన నున్నటి చోట అచ్చు నంబరు ఉంటుంది. సేకరించేవాళ్లు పాట పేరు కంటే ముందు చూసేది దాన్నే. వెలుతురుకు వాల్చి చూస్తే గాయకుడు రాగం ఎత్తుకున్నచోట గాళ్లు అల్లాడుతూ, మాట ఆగినచోట తిన్నగా సాగుతూ కనిపిస్తాయి. పద్యం ఎక్కడ ఊపందుకుంటుందో వినకముందే కంటికి తెలుస్తుంది.

నన్ను అన్నిటికంటే ముగ్ధుణ్ణి చేసేది ఆ మూడు నిమిషాల సర్దుబాటు. తిరుపతి వెంకటకవుల ‘పాండవోద్యోగం’, బలిజేపల్లి లక్ష్మీకాంతం ‘సత్యహరిశ్చంద్రీయం’, కాళ్లకూరి నారాయణరావు ‘చింతామణి’, ఇవి తెల్లవార్లూ ఆడే నాటకాలు. మార్కాపురం, గిద్దలూరు పల్లెల్లో తిరునాళ్లకు నాటకం పెట్టించడం ఇప్పటికీ ఉన్న ముచ్చటే. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా ఈ తాలూకాలు కర్నూలు జిల్లాలోవి. అటు సీమ నాటకమూ ఇటు కోస్తా పద్యమూ రెండూ అందిన నేల కాబట్టే ఇక్కడి ప్రేక్షకుడికి పద్యం మీద అంత పట్టు అని నా అభిప్రాయం. వేదిక మీద నటుడు పద్యం చివర రాగం ఎంతసేపు తీసినా అడిగేవాడు లేడు. జనం వన్స్‌మోర్ అంటే మళ్లీ మొదటి పాదం నుంచి అందుకుంటాడు. రికార్డు గదిలో ఆ వెసులుబాటు లేదు. హార్మోనియం రెండు మూడు సెకన్లలో శ్రుతి చూపించి తప్పుకోవాలి. రాగఛాయ మొదటి సంగతిలోనే పడిపోవాలి. నాలుగు పాదాలు యతి ప్రాసలు తెగకుండా, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో ముందే తేల్చుకుని పాడాలి. మిగిలిన కాస్త జాగాలో చివరి రాగం పూర్తి చేసి, గాడి అయిపోకముందే షడ్జమం మీద దిగాలి. వేదిక మీద పది నిమిషాలు పట్టే పనిని మూడు నిమిషాల్లో, రాగానికీ పద్యానికీ లోటు రాకుండా చేశారు వాళ్లు. ఎడిటింగ్ అనేదే లేని రోజుల్లో అది గాయకుడు తన గొంతుతో చేసుకున్న ఎడిటింగ్.

ఇక ఆ గరగర. పాత ప్లేటు వినిపించగానే కొత్తవాళ్లు ముందు ఫిర్యాదు చేసేది దాని మీదే. అది చాలామట్టుకు రాతిపొడి చేసే చప్పుడు. ఉక్కు సూది గాళ్లోకి దిగిన మొదటి కొన్ని చుట్లలోనే ఆ పొడి సూది మొనను అరగదీసి గాడికి సరిపోయే ఆకారానికి తెస్తుంది. అందుకే పూర్వం ప్లేటు తిప్పినప్పుడల్లా సూది మార్చేవారు. ప్లేటు గట్టిదనమూ గరగరా రెండూ ఒకే పొడి నుంచి వచ్చినవి. రెండో ప్రపంచయుద్ధంలో లక్క కరువై పాత ప్లేట్లు నూరి కొత్తవాటిలో కలిపిన కాలంలో ఈ చప్పుడు మరీ పెరిగింది.

చిక్కంతా ఇక్కడే ఉంది. గరగర ఎక్కువగా వినిపించేది పై స్థాయిలో, సుమారు 4,000 హెర్ట్జ్ నుంచి పైకి. మన శ, ష, స ల శబ్దం పలికేది కూడా ఆ పరిధిలోనే. కంప్యూటర్‌లో చప్పుడు తగ్గించే మీట కాస్త ఎక్కువ తిప్పితే గరగరతో పాటు సకారమూ కొట్టుకుపోతుంది. త, థ ల తేడా మసకబారుతుంది. సినిమా పాటలో అది కొంత చెల్లుతుందేమో, పద్యంలో చెల్లదు. యతి కుదిరిందని చెవికి తెలియాలంటే పాదం మొదటి అక్షరమూ యతిస్థానంలో అక్షరమూ స్పష్టంగా పడాలి. ఆ స్పష్టత పోతే ఉత్పలమాల కూడా ఊరకే సాగదీసిన గొంతులా వినబడుతుంది. మన పద్యం రికార్డుల కొత్త ముద్రణల్లో నాకు ఎక్కువగా కనబడిన దోషం ఇదే. గరగర లేకుండా చేశామని గొప్పగా అట్ట మీద వేస్తారు. లోపల గాయకుడు దిండు అడ్డం పెట్టుకుని పాడినట్టు ఉంటుంది.

మిగతా తప్పులు ఇంకా మొదట్లోనే జరుగుతాయి. 78 ప్లేటు గాడికి సూది మొన వ్యాసార్థం సుమారు 75 మైక్రాన్లు కావాలి. ఎల్పీ సూదికి అందులో మూడోవంతే. ఎల్పీ సూదిని 78 మీద పెడితే అది గాడి గోడలకు ఆనకుండా అడుక్కు దిగి, అక్కడ పేరుకున్న దుమ్మును గీకుతుంది. గోడల మీదున్న గొంతు దానికి అందదు. వేగం మరో సంగతి. 78 అనడమే గానీ పాత రోజుల్లో ఆ అంకెకు కాస్త అటూ ఇటూ తిరిగే యంత్రాల మీద తీసినవి చాలానే ఉన్నాయి. నాలుగైదు చుట్లు తేడా వస్తే శ్రుతి దాదాపు అర మెట్టు మారిపోతుంది, నిండు గొంతు పీలగా తేలుతుంది. మూడోది, ఎల్పీలకు 1954 ప్రాంతంలో స్థిరపడిన ఆర్ఐఏఏ లెక్క 10,000 హెర్ట్జ్ దగ్గర శబ్దాన్ని సుమారు 14 డెసిబెల్స్ తగ్గిస్తుంది. ఎల్పీ కోసేటప్పుడు అంతకు అంత పెంచి ఉంటారు కాబట్టి అక్కడ సరిపోతుంది. పాత 78లను అలా పెంచి కోయలేదు. వాటిని కూడా అదే మీటతో వినిపిస్తే పైన అక్షరాలు తగ్గి, కింద మోత పెరుగుతుంది. వీటన్నిటి మీద ఎకో కలపడం, ఒకే గొంతును రెండు స్పీకర్లకు పంచి స్టీరియో అనడం, మధ్యలో కొత్త డోలు దరువు చేర్చడం కూడా చూశాం. ఇన్నీ అయ్యాక పాటలను వందల లెక్కన ఒకే డిస్కులో ఇరికించేవారు. 128 కేబీపీఎస్ ఎంపీ3లో సీడీ సమాచారంలో పదకొండో వంతే మిగులుతుంది.

రాక్ సంగీతం పోగుచేసేవాళ్లదీ ఇదే గోడు. బీటిల్స్ తొలి ఆల్బములకు వాళ్లు మనసుపెట్టి చేయించినది మోనో మిక్స్. తర్వాత లోకమంతా స్టీరియోకు అలవాటు పడటంతో దశాబ్దాల పాటు ఎక్కువగా దొరికింది రెండోదే. మోనో పెట్టె సీడీలుగా 2009లో వచ్చింది. 2014లో అవే ఆల్బములను టేపు నుంచి నేరుగా, మధ్యలో డిజిటల్ మెట్టు లేకుండా కోసి ఎల్పీలుగా తెచ్చినప్పుడు అభిమానులకు ప్రాణం లేచొచ్చింది. మరోవైపు 2022లో అమెరికాలోని మొబైల్ ఫిడెలిటీ సంస్థ పూర్తి అనలాగ్ అని అందరూ నమ్మిన తన ఎల్పీలు చాలావాటి తయారీలో డిజిటల్ మెట్టు ఉందని ఒప్పుకోవాల్సి వచ్చింది. వాటి శబ్దం బాగుందని పొగిడినవాళ్లు కూడా నొచ్చుకున్నారు. ఆ నొప్పి నాకు పూర్తిగా అర్థమవుతుంది. ఏ మూలం నుంచి, ఏ దారిలో వచ్చిందో చెప్పడం పనితనంలో భాగం.

మన దగ్గర పెద్ద ఉదాహరణ 1957 నాటి ‘మాయాబజార్’. 2010 జనవరిలో రంగులద్ది విడుదల చేశారు. 165 మంది ఎనిమిది నెలలు పనిచేశారు, ఆ శ్రమకు నమస్కారం. అయితే ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే 1.37 నిష్పత్తిలో కూర్చిన చిత్రాన్ని సినిమాస్కోప్‌కు సాగదీశారు. మోనో శబ్దాన్ని డీటీఎస్ చేశారు. నెగెటివ్ పాడైందన్న కారణంతో ‘భళి భళి భళి దేవా’ పాటనూ, చాలా పద్యాలనూ తీసేశారు. నెగెటివ్ పాడైన చోట పాత ప్రింటు నుంచో, రికార్డు నుంచో గొంతును తెచ్చి అతికించే ప్రయత్నం చేయాల్సింది. పద్యం లేని ‘మాయాబజార్’కు రంగులు ఎన్ని వేలు వేసినా నా మనసు ఒప్పుకోలేదు.

సరైన పని ఎలా ఉంటుందో చూపించినవాళ్లూ ఉన్నారు. చెన్నైలో వి.ఎ.కె. రంగారావు వేలాది 78లను సేకరించి, పాడినవారు, రాసినవారు, వాయించినవారు ఎవరన్నదాకా వెతికి రాశారు. 1990లో ముంబయిలో మొదలైన సొసైటీ ఆఫ్ ఇండియన్ రికార్డ్ కలెక్టర్స్ అచ్చు నంబర్ల జాబితాలకే ఏళ్లు వెచ్చించింది. విక్రమ్ సంపత్ నెలకొల్పిన ఆర్కైవ్ ఆఫ్ ఇండియన్ మ్యూజిక్ తొలినాటి ప్లేట్లను డిజిటల్ చేసి ఎవరైనా వినేలా పెట్టింది. ఇలాంటి పని చేసేవాడు ముందు ఒకే పాట ప్లేట్లు ఎన్ని దొరికితే అన్ని తెచ్చి, అరగనిది ఎంచుతాడు. కడుగుతాడు. మూడు నాలుగు వెడల్పుల సూదులు మార్చి చూసి, గాడి గోడలో ఇంకా తాజాగా ఉన్న ఎత్తును పట్టుకుంటాడు. వేగం హార్మోనియం శ్రుతితో, గొంతు సహజత్వంతో సరిచూస్తాడు. టకటకమనే గీతలను ఒక్కొక్కటిగా తీస్తాడు. గరగరను కొంతమేర తగ్గించి, సకారం తగ్గబోతోందనగానే ఆగుతాడు. అక్కడ ఆగగలగడమే ఈ పనిలో విద్య అంతా. రెండు వైపులుగా వచ్చిన పద్యాలను అతికేటప్పుడు గాయకుడు మళ్లీ ఊపిరి తీసిన క్షణాన్ని కొయ్యకుండా ఉంచుతాడు.

పాత రికార్డింగుల విషయంలో చట్టం ఇప్పుడు ఇలాంటి పనికి చాలావరకు అడ్డు రాదు. మన కాపీరైట్ చట్టంలో రికార్డింగుకు రక్షణ 60 ఏళ్లు, అంటే 1957లో విడుదలైన రికార్డింగు మీద ఆ హక్కు 2017తో ముగిసింది. పాట రాసినవారి హక్కులు వేరు, అవి వారి మరణం తర్వాత 60 ఏళ్లు. ఈ రెండు గడువులూ తీరినవాటిని ఇప్పుడు ఎవరైనా ముద్రించవచ్చు, చెడగొట్టనూ వచ్చు. కొనేవాళ్లు అట్ట వెనక అచ్చు నంబరు, ఏడాది, మూలం ప్లేటా టేపా అన్నది అడగడం మొదలుపెడితే తయారుచేసేవాళ్లు రాయక తప్పదు.

ఇక అసలు ప్లేట్లు. మార్కాపురం, కంభం, గిద్దలూరు పాత మిద్దెల్లో అటకల మీద ఇంకా పెట్టెలు ఉండే అవకాశం ఉంది. దొరికితే ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టకుండా, అంచు మీద నిలబెట్టి పెట్టండి. మన ఎండలకు అటక వేడెక్కితే లక్క మెత్తబడి ప్లేటు వంగుతుంది, కింది గదిలోకి దించండి. దుమ్ము తీయాలంటే మెత్తటి కుంచె, తర్వాత శుభ్రమైన నీళ్లలో ఒకటి రెండు చుక్కల సబ్బు. లేబులు తడవకూడదు. స్పిరిట్ మాత్రం దగ్గరకు రానివ్వకండి, లక్క దాంట్లో కరిగిపోతుంది. పగిలిన ముక్కలనూ పారేయకండి. పక్కపక్కన సరిగ్గా పేర్చి వినిపించి, గీత దాటినప్పుడల్లా వచ్చే టక్కును కంప్యూటర్‌లో తీసేసి, ఆ మూడు నిమిషాలను మళ్లీ వినగలిగేలా చేసినవాళ్లు ఉన్నారు.