పగ్గం ఎవరి చేతిలో?

సింహాచలం కొండ పాదాల నుంచి సముద్రందాకా పరచుకొన్న విశాఖపట్నంలో నావికాదళ శాస్త్ర సాంకేతిక ప్రయోగశాల 1969 నుంచి పనిచేస్తున్నది. జలాంతర్గాములను వెన్నాడే 'వరుణాస్త్ర' టార్పెడో అక్కడి రూపకల్పనే. 2025 నవంబరులో ఆ సంస్థ తయారుచేసిన చిన్న జలాంతర యంత్రాల వివరాలు వెలువడ్డాయి. మనుషులు మోసుకుపోగలిగిన ఈ యంత్రాలు సోనార్, కెమెరాలతో నీటి అడుగును గాలించి, మందుపాతరల వంటి వస్తువులను తమంతట తామే గుర్తుపడతాయి. నావికుని ప్రాణం కాపాడే ఈ పనిని ఎవరూ ఆక్షేపించరు. గుర్తుపట్టే యంత్రానికే సంహరించే అధికారాన్ని కూడా అప్పగించేచోట ఆక్షేపణ మొదలవుతుంది.

2024 అక్టోబరులో రక్షణ మంత్రిత్వశాఖ వెలువరించిన విశ్వసనీయ కృత్రిమ మేధ మూల్యాంకన ప్రణాళికను ఈ దృష్టితో పరిశీలించాలి. అది ఐదు సూత్రాలను పేర్కొన్నది: దృఢంగా నమ్మకంగా పనిచేయడం, భద్రత, పారదర్శకత, నిష్పాక్షికత, గోప్యత. ఐదూ అవసరమైనవే. రణరంగంలో మోసపోయే యంత్రం ఎంత ప్రమాదకరమో దాని కర్తలు గ్రహించారు. అది ఆ ప్రణాళిక గుణం. అయితే ఈ ఐదూ యంత్రానికి పెట్టే పరీక్షలు. జవాబుదారీతనం మనిషికి సంబంధించినది; దానికి ఆ ఐదింటిలో విడిగా స్థానం దక్కలేదు. చేపల పడవను శత్రునౌకగా పొరబడి ముంచితే దోషి ఎవరు? మీట నొక్కినవాడా, యంత్రానికి బుద్ధి నేర్పినవాడా, ఆజ్ఞాపించినవాడా?

ఇటువంటి ప్రశ్ననే పూర్వపు ఫుఖహాలు పశువు విషయంలో చర్చించారు. పశువుకు ధర్మబాధ్యత లేదు, కనుక శిక్షా లేదు. కాని అది తొక్కి చేసిన హానికి స్వారీ చేసేవాడు, పగ్గం పట్టి నడిపేవాడు, వెనుకనుండి తోలేవాడు పూచీపడాలని హనఫీ న్యాయవేత్తలు నిర్ణయించారు. దానంతటది తప్పించుకుపోయిన పశువు సంగతి వేరన్నారు. ఈ మినహాయింపును యంత్రానికి వర్తింపజేయడం చెల్లదు. యుద్ధయంత్రం తప్పించుకుపోదు, విడిచిపెట్టబడుతుంది. దాని తెలివి పెరిగినకొద్దీ పగ్గం పొడవు పెరుగుతుందే తప్ప, పట్టినవాని పూచీ తరగదు.

2023 డిసెంబరులో స్వయంచాలిత మారణాయుధాలపై ఐక్యరాజ్యసమితి సర్వసభ్యసభలో వచ్చిన తీర్మానాన్ని 152 దేశాలు బలపరిచాయి, 4 దేశాలు వ్యతిరేకించాయి. ఆ నాలుగింటిలో భారతదేశం ఒకటి. జెనీవా చర్చలే ఇందుకు తగిన వేదిక అన్నది ప్రభుత్వ వాదన. వేదిక ఏదైనా కావచ్చు; ప్రశ్న మాత్రం మారదు. ఆయుధం బయలుదేరకముందే దానికి పూచీపడే మనిషి పేరు రాసి ఉండాలన్న ఆరవ సూత్రం చేరినప్పుడే, ఆ ప్రణాళిక శీర్షికలోని విశ్వసనీయత అమానత్ అనే మాటకు తగినదవుతుంది.