పృచ్ఛకుని పీఠం

అవధానం అనగానే మనకు గుర్తుకు వచ్చేది అవధాని ధారణాశక్తి. తిరుపతి వేంకటకవులు ఊరూరా సభలు జరిపి ఈ విద్యను ప్రజల మధ్యకు తెచ్చిన నాటి నుండి నేటి వరకు ప్రశంస అంతా సమాధానం చెప్పేవారికే దక్కుతున్నది. ప్రశ్నించే ఎనిమిదిమంది పృచ్ఛకులను మనం అంతగా గమనించము. అష్టావధానపు గొప్పతనంలో సగపాలు ఆ ప్రశ్నల అమరికదే అని నా అభిప్రాయం.

ఆ అమరికను పరిశీలించండి. ఒక్కొక్క పృచ్ఛకునికి ఒక్కొక్క బాధ్యత. సమస్య ఇచ్చేవారు అసంబద్ధంగా తోచే పాదాన్ని ఇచ్చి, పద్యం పూరించి దానికి అర్థం కుదర్చమంటారు. నిషిద్ధాక్షరి వారు అవధాని పలుకబోయే అక్షరాన్ని ఊహించి నిషేధిస్తారు. నోటికి అలవాటైన మాట చెల్లదు, కొత్త దారి వెదకవలసిందే. పద్యం ఒక్కసారిగా ముగియదు. ఆవృత్తికి ఒక పాదం చొప్పున నాలుగు ఆవృత్తులలో సాగుతుంది. ఆ ఎడంలో ఆలోచన పక్వమవుతుంది. అప్రస్తుత ప్రసంగానికి సైతం ఒకరిని నియమించి, హాస్యానికి చోటిచ్చారు, హద్దూ పెట్టారు. చివర ధారణలో పద్యాలన్నీ మళ్ళీ వినిపిస్తాయి.

అయితే ఈ ప్రక్రియలో ఒక లోపం ఉన్నది. పృచ్ఛకులు సాధారణంగా పద్యవిద్య తెలిసినవారే. అందువల్ల విదేశాలలో జరిగే సభలలో మన పిల్లలు చప్పట్లకే పరిమితమవుతున్నారు. అర్థం కాని పద్యానికి కొట్టే చప్పట్లు మర్యాదే గాని రసాస్వాదన కాదు.

దీనికి మార్గం ప్రక్రియలోనే ఉన్నది. దత్తపదిలో పృచ్ఛకుడు ఇచ్చిన నాలుగు పదాలను అవధాని పద్యంలో ఇమడ్చాలి. అన్యభాషా పదాలు ఇవ్వడమూ పరిపాటే. ఉదాహరణకు ‘కారు’ తీసుకోండి. ఇంగ్లీషులో అది వాహనం. ‘వారు పరాయివారు కారు’ అన్నప్పుడు అదే శబ్దం చక్కని తెలుగు క్రియ. ఇటువంటి మాటలను పట్టుకొనే చెవి రెండు భాషల నడుమ పెరిగిన పిల్లలకు సహజంగా ఉంటుంది. ఛందస్సు రాకపోయినా వారు నాలుగు మాటలు ఎన్నుకోగలరు. తానిచ్చిన మాట ఏ పాదంలో ఎలా ఒదుగుతుందోనని ఎదురుచూసే పిల్లవాడు సభ ముగిసేదాకా చెవి ఒగ్గి వింటాడు.

రాబోయే అవధానంలో దత్తపది పీఠాన్ని పిల్లలకు కేటాయిద్దాం. అంతకు ముందు ఇంట్లో భోజనాల వేళ వారితో కూర్చుని, రెండు భాషలలోనూ అర్థమున్న మాటలను వెదుకుదాం. అడగడం నేర్చినవారే వినడం నేరుస్తారు.